ఆ మేడ నీడ ఎంత?

ఇల్లూ వాకిలీ లేని మనిషి గురించి చెప్పాల్సి వస్తే మనం "పాపం, నిలువ నీడ లేదు" అంటాం. గోడలు లేవనో, తలుపులు లేవనో అనం. ఇంటికి మన భాష గుర్తించిన మొదటి లక్షణం నీడ. ఎండ మండే దేశంలో పుట్టిన మాట అది. గోడలూ గుమ్మాలూ అంతస్తులూ అన్నీ ఆ తరవాతే లెక్కకు వస్తాయి. ఈ పూట ఆ మాటనే కొలబద్దగా పట్టుకుని, మనకంటే ఎక్కువ మండే చోటికి వెళ్ళొద్దాం. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం బుర్జ్ ఖలీఫా ఉన్న దుబాయ్‌కి, అక్కణ్ణుంచి రోడ్డు మీద సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అంచున ఓ పెద్ద గుమ్మటం కట్టుకున్న అబుదాబికి. రేపటి నగరాలంటే ఇలాగే ఉంటాయని మన సినిమావాళ్ళూ టూరు కంపెనీలూ కూడా చెబుతున్న ఊళ్ళు ఇవి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎడారిలో లేచిన కొత్త భవనం ముందు నిలబడ్డప్పుడు "ఎంత ఎత్తు?" అని అడగడం తేలిక. "దీని నీడ ఎంత? ఆ నీడ ఎవరికి?" అని అడిగితే గానీ ఆ భవనం సంగతి మనకు తెలియదు.

చూడబోయినవాళ్ళకు ఈ ప్రశ్న సాధారణంగా తట్టదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మనవాళ్ళు దుబాయ్ చూడ్డానికి వెళ్ళేది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పుడక్కడ పగటి వేడి 25 డిగ్రీల దరిదాపుల్లో, మన సంక్రాంతి రోజుల్లాగే హాయిగా ఉంటుంది. పైగా బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తు ఎక్కి చూడ్డానికి పొద్దుగూకే వేళ టికెట్టుకే గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే. చలికాలం, అందులోనూ సాయంకాలం! ఎండా వానా లేని పూట గొడుగు విప్పి, బట్ట మీద పువ్వులు బావున్నాయని మెచ్చుకున్నట్టుంటుంది. ఆ కట్టడాలకు అసలు పరీక్ష జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఎడారి అన్నాం గదా అని పొడి వేడి అనుకోకూడదు. పక్కనే సముద్రం, గాలి నిండా తేమ. రెంటచింతల ఎండకు మచిలీపట్నం ఉక్కపోత కలిపి చూసుకుంటే సరిపోతుంది. ఆ నెలల్లో అక్కడికి సరదాగా వెళ్ళమని నేను చెప్పను. కానీ ఆ నెలల్ని మనసులో పెట్టుకుని చూడకపోతే అక్కడి ఏ గోడ ఎందుకలా ఉందో అర్థం కాదు.

పాతపేటతో మొదలుపెడదాం. దుబాయ్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున అల్ ఫహీదీ అనే చోటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇరాన్‌లోని బస్తక్ నుంచి వలస వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్ళవి. అందుకే దానికి బస్తకియా అని ఇంకో పేరు. ఇంటి కప్పు మీద చదరపు గోపురం ఒకటి లేచి ఉంటుంది. అరబ్బీలో దాన్ని బర్జీల్ అంటారు. గాలిని పట్టి ఇంట్లోకి దింపే గోపురం. మన గుడి ముంగిట ఉండేది పేరుకు గాలిగోపురం; ఇది పనికి కూడా గాలిగోపురమే. పైభాగం నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. లోపల మూల నుంచి మూలకు రెండు అడ్డగోడలు, లెక్కల్లో ఇంటూ గుర్తు వేసినట్టు కడతారు. దాంతో ఒక గోపురం నాలుగు గొట్టాలవుతుంది. గాలి ఎటు నుంచి వీచినా ఆ వైపు గొట్టంలో పడి కింది గదిలోకి దిగుతుంది. గదిలో పేరుకున్న వేడిగాలి ఎదుటి గొట్టం గుండా పైకి పోతుంది. గోపురం కింద నిలబడి తల పైకెత్తితే నూతిని తలకిందులుగా చూసినట్టుంటుంది. వచ్చే గాలి మరీ చల్లగా ఉండకపోవచ్చు, కానీ ఆగకుండా కదులుతూ ఉంటుంది గనక చెమట ఆరుతుంది. గోడలకు వాడింది సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. దాన్నిండా సన్నటి రంధ్రాలు, వాటిలో గాలి; బయటి వేడి లోపలికి అంత తొందరగా రాదు. ఇక వీధులు. వాటిని సిక్కాలంటారు. కావాలనే ఇరుకుగా వదిలినవి. ఈ ఇంటి గోడ నీడ ఆ ఇంటి గోడ మీద పడుతుంది, ఆ రెండింటి మధ్య నడిచే మనిషి మీద కూడా పడుతుంది. ఇంటివాడు తనకోసం కట్టుకున్న గోడ దారినపోయేవాడికి గొడుగు పట్టింది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీంతో పని ఉంది.

"పాతకాలమంతా బంగారమేనా?" అని ఇక్కడ ఎవరైనా అడ్డు తగలొచ్చు. తగలాలి కూడా. ఆ గాలిగోపురాలు కలిగినవాళ్ళ ఇళ్ళవి. బీదవాళ్ళు ఉన్నది బరస్తీలనే గుడిసెల్లో, ఖర్జూరపు మట్టలు అల్లి కట్టినవి. పైగా గోపురమున్న ఇళ్ళలోని వాళ్ళు కూడా చాలామంది వేసవి ముదిరితే ఊరొదిలి ఒయాసిస్సుల్లో ఖర్జూర తోటలకు తరలిపోయేవాళ్ళు. అంటే ఆ ఉక్కను ఆ గోపురం కూడా పూర్తిగా గెలవలేదు. ఇప్పుడు లక్షలమంది ఉండే ఊరిని పగడపు రాయితో కట్టలేం, కట్టకూడదు కూడా. సముద్రంలో పగడాలే మిగలవు. ఈ మాటలన్నీ ఒప్పుకుంటున్నాను. ఆ పేట నుంచి తెచ్చుకోవలసింది గోపురం బొమ్మ కాదు. ఇవాళ ఎన్నో హోటళ్ళ మీద, షాపింగ్ మాళ్ళ మీద ఉత్తుత్తి గాలిగోపురాలు సిమెంటుతో అచ్చుపోసి నిలబెట్టారు. వాటిలోకి గాలీ దూరదు, వాటి కింద మనిషీ ఉండడు. తెచ్చుకోవలసింది ఆ వర్తకుల బుద్ధి. ఇల్లు మొదలుపెట్టేముందు ఎండ ఎటు నుంచి వస్తుంది, గాలి ఎటు నుంచి వస్తుంది అని అడిగిన బుద్ధి.

దుబాయ్‌లో చమురు దొరికింది 1966లో. తరవాత కరెంటొచ్చింది, ఏసీ వచ్చింది. ఏసీ వచ్చిన కొత్తలో ఆ బుద్ధి వెంటనే పోలేదు, ఇది గమనించదగ్గ విషయం. 1979లో తెరిచిన ట్రేడ్ సెంటర్ భవనం 39 అంతస్తులు. జాన్ హారిస్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు గీసింది. 100 దిర్హమ్‌ల నోటు మీద చాలాకాలం దాని బొమ్మే ఉండేది. ఇప్పుడు చుట్టూ ఉన్నవాటి మధ్య అది మరుగుజ్జు. కానీ దగ్గరికెళ్ళి చూడండి: అద్దాలు గోడ అంచున ఉండవు, కాంక్రీటు చట్రాల వెనక బాగా లోపలికి ఉంటాయి. మన ఇళ్ళ చూరు చేసే పనే ఆ చట్రం చేస్తుంది. ఎండ అద్దం దాకా రాకముందే ఆగిపోతుంది. ఆ తరవాత ఇరవై ఏళ్ళలో ఆ భవనం ఉన్న షేక్ జాయెద్ రోడ్డు పొడుగునా లేచినవి ఎక్కువగా అద్దాల పెట్టెలు. ఎండను ముందు లోపలికి రానిచ్చి, ఆనక కరెంటు ఖర్చుపెట్టి బయటికి గెంటే భవనాలు. మంచులో ఉండే దేశాలు ఎండకోసం మొహంవాచి కనిపెట్టుకున్న అద్దపుగోడను ఎండకు కొదవ లేని చోట తెచ్చి నిలబెట్టారు. చలిదేశపు కోటు ఏప్రిల్ నెలలో తొడుక్కున్నట్టుంటుంది.

బుర్జ్ ఖలీఫా సంగతికి వద్దాం. ఆ బుర్జ్ అన్న మాట మనకు కొత్తేం కాదు, మన కోటల బురుజే. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఊరి బురుజులు కనిపిస్తాయి. 828 మీటర్ల ఈ బురుజును 2010 జనవరి 4న తెరిచారు. ఆర్కిటెక్టు ఆడ్రియన్ స్మిత్, కట్టుబడి లెక్కలు చూసిన ఇంజనీరు బిల్ బేకర్. వాళ్ళ పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మధ్యలో ఒక గట్టి కాండం, దానికి మూడు వైపులా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడే మూడు రెక్కలు. పైకి వెళ్ళేకొద్దీ రెక్కలు ఒక్కో మెట్టూ వెనక్కి తగ్గుతాయి. అలా తగ్గడం వల్ల ఈదురుగాలి ఏ ఎత్తులోనూ ఒకే లయలో భవనాన్ని ఊపలేదు. వేసవిలో కాంక్రీటు వేడికి ముందే గట్టిపడిపోతుందని నీళ్ళలో మంచు కలిపి రాత్రిపూట పోశారు. ఆ ఎత్తుకు ఒక తమాషా ఫలితం కూడా ఉంది. రంజాన్ మాసంలో సూర్యాస్తమయం కాగానే ఉపవాసం విరమించాలి గదా. కింద ఉన్నవాళ్ళకు పొద్దు గూకినా పైన ఉన్నవాళ్ళకు సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. అందుకని 80వ అంతస్తుకు పైన ఉన్నవాళ్ళు రెండు నిమిషాలు, 150 దాటినవాళ్ళు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని దుబాయ్ మతాధికారులు 2011లో చెప్పారు. చదవడానికి సరదాగా ఉంటుంది. నా కొలబద్దతో చూస్తే మాత్రం ఇందులో ఇంకో అర్థం ఉంది: ఎండ ఎక్కువయిన ఊళ్ళో, అందరికంటే ఎక్కువసేపు ఎండ తగిలేలా కట్టిన ఇల్లది. ఏసీ గొట్టాల మీద చెమర్చే నీళ్ళను పట్టి కింద తోటలకు పారిస్తారు; ఏడాదికి అయిదున్నర కోట్ల లీటర్ల పైమాటే. ఆ పొదుపు మెచ్చుకోవలసిందే. అన్ని నీళ్ళు చెమర్చాయంటే లోపల ఎంత చలవ చేయవలసి వచ్చిందో కూడా ఆ అంకెలోనే ఉంది. ఇక కొసన 244 మీటర్ల మేర మనిషి ఉండటానికి వీలుండదు. వట్టి ఎత్తు కోసం పెట్టిన ఎత్తు. తాటిచెట్టు నీడ ఎలా ఉంటుందో మనకు తెలుసు. సన్నగా, పొడుగ్గా, ఒక చోట నిలవకుండా తిరుగుతూ ఉంటుంది. దాని కింద పడక వేసుకునే రైతు ఉండడు.

దీనికి గట్టి జవాబే ఉంది. దుబాయ్‌కి చమురు నిల్వలు అబుదాబికున్నంత లేవు. ఊరు బతకాలంటే బయటి జనం రావాలి, వ్యాపారం రావాలి. ఆ బురుజు కట్టాక ఊరి పేరు ప్రపంచమంతా తెలిసింది, చుట్టుపక్కల జాగా విలువ పెరిగింది. అలాంటప్పుడు దాని ఎత్తు దండగ ఎలా అవుతుంది? అది ఊరికి చిరునామా. ఈ వాదన నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ చిరునామా చేసే పని ఫొటోలో అయిపోతుంది. భవనం ఆ తరవాత కూడా ఏళ్ళతరబడి ప్రతి మధ్యాహ్నం ఎండలో నిలబడాలి. పైగా ఒక ఊరికి కలిసొచ్చిన ఫొటోను చూసి పది ఊళ్ళు వాతలు పెట్టుకుంటాయి. సౌదీ అరేబియా 2022లో ది లైన్ అనే నగరం నమూనా చూపించింది. 170 కిలోమీటర్ల పొడవు, 500 మీటర్ల ఎత్తు, 200 మీటర్ల వెడల్పు, బయటంతా అద్దాల గోడ. తన మీద పడ్డ ఎండను అద్దం ఏం చేస్తుందో చిన్నప్పుడు అద్దం ముక్కతో ఆడుకున్న ఎవరికైనా తెలుసు. ఎదుటివాడి కళ్ళల్లో కొడుతుంది.

అలాగని కొత్త కట్టడాలన్నీ ఎండను మరిచిపోయాయని అంటే అబద్ధమవుతుంది. అబుదాబిలో అల్ బహర్ అని రెండు జంట భవనాలున్నాయి, 2012లో పూర్తయినవి. అరబ్బు ఇళ్ళలో మష్రబియా అని చెక్కతో అల్లిన జల్లి కిటికీ ఉండేది. వెలుతురూ గాలీ లోపలికి వస్తాయి. ఎండ రాదు, బయటివాళ్ళ చూపు రాదు. ఆ జల్లికే అక్కడ ప్రాణం పోశారు. అద్దపు గోడకు కొంచెం ఎడంగా, బయట ఇంకో చట్రం. ఆ చట్రం నిండా ముక్కోణపు గొడుగులు, ఒక్కో భవనానికి వెయ్యికి పైగా. ముడుచుకుంటాయి, విప్పుకుంటాయి. పొద్దున తూర్పు వైపువి విప్పుకుని నీడ పడతాయి. సూర్యుడు తిరిగే కొద్దీ ఆ విప్పుకోవడం కూడా భవనం చుట్టూ తిరుగుతుంది. తూర్పువి మెల్లగా ముడుచుకుని, కూర్చున్నవాళ్ళకు మళ్ళీ ఆకాశం చూపిస్తాయి. రాత్రికి అన్నీ ముడుచుకుంటాయి. మన పొద్దుతిరుగుడు మొగ్గ ఎండకోసం తిరుగుతుంది, ఇది నీడకోసం తిరుగుతుంది. లోపలికి వచ్చే ఎండ వేడి సగానికి సగం తగ్గుతుందని కట్టినవాళ్ళ లెక్క. మరమ్మతులు ఉండవా అంటే ఉంటాయి. కదిలే వస్తువు ఇసకగాలిలో అరగకుండా ఎలా ఉంటుంది? అయినా అది ఎత్తు గురించి కాకుండా సూర్యుడి గురించి ఆలోచించిన భవనం. బయటికి అందంగా కనిపించేదీ లోపల పనిచేసేదీ రెండూ ఒకటే కావడం దాని ప్రత్యేకత. దుబాయ్‌లో తెరచాప ఆకారంలో ఉండే బుర్జ్ అల్ అరబ్ హోటలుకు కూడా, 1999 నాటిది, ఒక వైపు గోడంతా తెల్లటి గుడ్డే. గాజునారతో నేసి టెఫ్లాన్ పూసిన గుడ్డ. ఓడను తలపించాలని కట్టారని అందరికీ తెలుసు, ఆ గుడ్డ లోపలి పెద్ద హాలుకు ఎండ తగ్గిస్తుందన్నది అంతగా తెలియదు.

నన్నడిగితే ఆ రెండు నగరాల్లో తప్పకుండా చూడవలసినది అబుదాబిలోని సాదియాత్ దీవి మీద ఉన్న లూవ్ర్ ప్రదర్శనశాల. జాఁ నూవెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు గీసింది. 2017 నవంబరులో తెరిచారు. అక్కడ కట్టిన ముఖ్యమైన వస్తువు నీడే అనొచ్చు. తెల్లటి చిన్న చిన్న కట్టడాలు 55, ఒక పల్లెలో ఇళ్ళలాగా దగ్గర దగ్గరగా ఉంటాయి. మధ్యమధ్య సందులు, సందుల్లోకి సముద్రపు నీళ్ళు. వీటన్నిటి మీదా కలిపి ఒక బల్లపరుపు గుమ్మటం, 180 మీటర్ల అడ్డుకొలత. బరువు సుమారు 7,500 టన్నులు. ఇంత బరువునూ మోసేది నాలుగే స్తంభాలు, అవీ భవనాల మధ్య దాక్కుని ఉంటాయి. అందువల్ల గుమ్మటం గాలిలో ఆగినట్టు కనబడుతుంది. కానీ విశేషం బరువులో లేదు, చిల్లుల్లో ఉంది. ఉక్కూ అల్యూమినియం నక్షత్రాలు 7,850, ఎనిమిది పొరలుగా ఒకదాని మీదొకటి పరిచారు. ఏ పొరలో చిల్లు ఇంకో పొరలో చిల్లుతో సరిగ్గా కలవదు. ఒక కిరణం ఎనిమిది గడపలు దాటితే గానీ నేలను తాకదు. తాకినా ఎంతోసేపు ఉండదు, సూర్యుడు ఒక్క జరుగు జరిగేసరికి ఆ దారి మూసుకుని ఇంకో దారి తెరుచుకుంటుంది. నేల మీద వెలుగు చుక్కలు వాన చినుకుల్లాగా పడి కదిలిపోతుంటాయి. ఖర్జూరపు మట్టల సందుల్లోంచి ఒయాసిస్సులో పడే ఎండ ఈ ఊహకు మూలం. మనకు వేరే ఉపమానం అక్కర్లేదు. శ్రీరామనవమి చలువ పందిరి కింద, తాటాకు సందుల్లోంచి చాప మీద పడే ఎండ పొడలు తలుచుకోండి. అదే పని, అదే హాయి. పందిరి వేసేవాళ్ళకు ఎన్నాళ్ళనుంచో తెలిసినదాన్ని నూవెల్ లెక్కకట్టి ఉక్కుతో చేశాడు. ఏసీ గదుల మధ్య ఒక బయలు, ఆ బయలుకే నీడ. లోపలికి పోకుండానే మనిషి నిలబడగలిగే చోటును ఈ ఎడారి కొత్త నగరాల్లో ఇంత శ్రద్ధగా కట్టినది ఇంకొకటి నాకు కనబడదు.

దుబాయ్‌లోని మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ గురించి ఒక మాట. 2022 ఫిబ్రవరి 22న తెరిచారు. రెండ్ల మీద మోజు అలాంటిది. మధ్యలో ఖాళీ ఉన్న వెండి గారెలాగా ఉంటుంది, 77 మీటర్ల ఎత్తు, లోపల స్తంభాలు లేవు. ఒంటి నిండా అరబ్బీ అక్షరాలు, ఆ అక్షరాలే కిటికీలు. షాన్ కిల్లా గీసిన కట్టడమిది, అక్షరాలు మత్తర్ బిన్ లాహెజ్ చేతివి. దీన్ని ఉత్త ఆర్భాటమని తీసిపారేయడానికి నేను కూడా సిద్ధపడ్డాను, కానీ నా కొలబద్ద ఒప్పుకోదు. కిటికీలన్నీ అక్షరాలంత సన్నంగా ఉండటం వల్ల గోడలో అద్దం పాలు తక్కువ, ఉక్కు పలకలు ఎక్కువ. అక్షరాల మోజు ఇక్కడ మష్రబియా పని కొంత చేసింది. కాకపోతే ఆ నీడంతా టికెట్టు కొన్నవాళ్ళకే. బయట పచ్చగడ్డి గుట్ట, ఆ పక్కన పన్నెండు వరసల రోడ్డు. భవనం ఎదురుగా నిలబడి దాన్ని చూసేవాడి నెత్తిన మాత్రం ఎండే.

ఇక్కడ ఇంకో ఆక్షేపణ వినాలి, బహుశా అన్నిటికంటే బలమైనది. "ఎండ తగ్గించడమెందుకు, అదే ఎండతో కరెంటు తీసి ఏసీ వేసుకుంటే పోలా? ఆ దేశంలో సౌర విద్యుత్ కేంద్రాలున్నాయి. బరాకా అణు విద్యుత్ కేంద్రంలో నాలుగు యూనిట్లున్నాయి, దేశానికి కావలసిన కరెంటులో నాలుగో వంతు వరకు అదొక్కటే ఇస్తోంది. పొగ లేని కరెంటు ఉన్నప్పుడు నీడ మీద ఇంత చాదస్తమెందుకు?" అని. కరెంటు సంగతి నిజం. కానీ ఏసీ వేడిని మాయం చేయదు, లోపలిది తీసి బయట పారబోస్తుంది. ఇంట్లో చెత్త వీధిలో పోసినట్టే. లోపల ఉన్నవాడికి ఎంత చలవ అయితే బయట నడిచేవాడికి అంత సెగ. దుబాయ్‌లో బస్టాపులకు కూడా ఏసీ గదులు పెట్టారు, మెట్రో స్టేషన్లకు వెళ్ళే వంతెనలకు ఏసీ పెట్టారు. ఎక్కేవాళ్ళకు అది పెద్ద ఉపకారమే. అయినా ఒక ఏసీ పెట్టె నుంచి ఇంకో ఏసీ పెట్టెకు చేరడమే నడక అనుకుంటే, ఆ మధ్యనున్న జాగాను ఊరు వదులుకున్నట్టు. సిక్కాలో దారినపోయేవాడి మీద పడ్డ గోడ నీడ దగ్గరికే మళ్ళీ వచ్చాం. పాత వర్తకుడి గోడ బయటివాడికి ఇచ్చినదాన్ని కొత్త భవనం వెనక్కి తీసేసుకుంది.

దాన్ని తిరిగి ఇవ్వాలని చూసిన ప్రయత్నం అబుదాబి విమానాశ్రయం దగ్గరున్న మస్దర్ నగరం. నార్మన్ ఫోస్టర్ సంస్థ ప్రణాళిక. వీధులు ఇరుకు, గాలివాటం చూసుకుని వేసినవి. ఎర్రమట్టి రంగు గోడలు అలల్లాగా వంపులు తిరిగి బాల్కనీలకు జల్లి కప్పుతాయి. నడివాకిట్లో 45 మీటర్ల ఉక్కు గాలిగోపురం, పాత బర్జీల్‌కు మునిమనవడు. నడిచేవాడికి పగటిపూట అక్కడ నీడ దొరుకుతుంది. కానీ 50,000 మంది ఉంటారని తలపెట్టిన ఊరు 2016కల్లా పూర్తి కావాలి, కాలేదు. 2008లో ప్రపంచమంతా డబ్బుకు ఇబ్బంది పడ్డప్పుడు పని మందగించింది, గడువు ఏళ్ళకేళ్ళు వెనక్కి జరిగింది. కార్లకు బదులు నేలకింద నడవాలనుకున్న డ్రైవరు లేని బండ్ల పథకాన్ని కుదించేశారు. కర్బనం సున్నా అన్న మాట మెత్తబడింది. దీన్ని చూపించి నీడ వాదం ఓడిపోయిందనేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. ఓడింది లెక్క, వీధి కాదు. జనం రాకపోవడానికి కారణం ఉద్యోగాలూ బడులూ అంగళ్ళూ అక్కడ చాలినన్ని లేకపోవడం. వచ్చినవాళ్ళకు ఆ సందులు చేయవలసిన పని చేస్తూనే ఉన్నాయి.

ఇంతవరకు భవనంలో ఉండేవాడి నీడ, పక్కన నడిచేవాడి నీడ చూశాం. మూడోవాడు ఒకడున్నాడు, దాన్ని కట్టినవాడు. తెలుగు శ్రోతలకు వాడు పరాయివాడు కాడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఏ గల్ఫ్ దేశానికి వెళ్ళినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. ఆ బురుజులకు ఇనుము కట్టినవాళ్ళలో, పరంజా ఎక్కినవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం 2005 నుంచి వేసవిలో మధ్యాహ్నం వేళ ఆరుబయట పని ఆపించే నియమం అమలు చేస్తోంది. ఇది మంచి నియమం. మన దగ్గర ఇంత ఖచ్చితంగా లేదు. అయితే ఆ దేశంలో కార్మికుల పరిస్థితి మీద విమర్శలూ ఉన్నాయి. లూవ్ర్ కట్టిన అదే సాదియాత్ దీవి మీద పనివాళ్ళ అప్పుల గురించీ పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఉండిపోవడం గురించీ హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లో ఒక నివేదిక ఇచ్చింది. "చూడబోయినవాడికి ఇవన్నీ ఎందుకు, తాజమహల్ దగ్గర కూలిరేట్లు అడుగుతామా?" అనొచ్చు. తాజమహల్ కట్టినవాళ్ళు ఇవాళ లేరు. వీళ్ళు ఉన్నారు, పక్క ఊళ్ళో ఉన్నారు. అంత అందమైన గుమ్మటం నీడ మొదట ఎవరి నెత్తి మీద పడాల్సిందో అడగడం భవనాన్ని చిన్నబుచ్చడం కాదు; దాన్ని పూర్తిగా చూడటం.

మనకు ఇందులో ఇంకో పని కూడా ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు లేచినవాటిలో ఎక్కువ అద్దాల గోడలే. దుబాయ్ ఫొటో చూసి కట్టినట్టే ఉంటాయి, దుబాయ్ వేసవి పాఠం మాత్రం వాటిలో కనిపించదు. అమరావతిలో ప్రభుత్వ భవనాల సముదాయానికి ప్రణాళిక గీసింది ఫోస్టర్ సంస్థే, మస్దర్ గీసిన వాళ్ళే. కృష్ణ ఒడ్డున మే నెల ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. శాసనసభ శిఖరం ఎంత ఎత్తు, ఏ ఆకారం అన్న చర్చ మనం చాలా చేశాం. ఆ భవనాల మధ్య సచివాలయానికి అర్జీ పట్టుకుని వచ్చిన మనిషి మిట్టమధ్యాహ్నం ఎంత దూరం ఎండలో నడవాలి అన్న చర్చ అంతగా జరగలేదు. చూరూ వసారా అరుగూ కనిపెట్టిన జాతికి అడగరాని ప్రశ్నేం కాదది.

దుబాయ్‌కి టికెట్టు కొనుక్కునేవాళ్ళకు చివరగా ఒక సలహా. డిసెంబరులోనే వెళ్ళండి, నా మాట విని ఆగస్టులో వెళ్ళకండి. బుర్జ్ ఖలీఫా ఎక్కండి, ఫొటోలు దిగండి. ఒక్క పూట మాత్రం అబుదాబికి మిగుల్చుకుని, లూవ్ర్ గుమ్మటం కింద మధ్యాహ్నం రెండు గంటలకు కాసేపు కూర్చోండి. అక్కణ్ణుంచి బయటికొచ్చాక ఎదురుపడ్డ ప్రతి భవనం దగ్గరా దాని నీడ ఎక్కడ పడుతోందో, అందులో ఎవరు నిలబడి ఉన్నారో చూడండి. అక్కడ వేసవి మధ్యాహ్నపు పని విరామం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, రోజూ పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు.